నడకను చూడక పాదానికి మందు రాస్తే ప్రయోజనమేమి?

మడమనొప్పి అనగానే మన ఇళ్ళలో ముందుగా జ్ఞాపకం వచ్చేవి ఆముదము, ఉప్పు కాపడము. ఆనెకాయ అనగానే బ్లేడు, లేదా మందుల దుకాణంలో దొరికే పట్టీ. వీటితో కొన్నాళ్ళు ఉపశమనం కలుగవచ్చు. అయితే నెల తిరగకుండానే అదే నొప్పి అదే చోట మళ్ళీ ఎందుకు వస్తున్నదని ప్రశ్నించుకునేవారు అరుదు. బాధ పాదంలో కనిపిస్తున్నా దాని మూలం చాలాసార్లు నడకలో ఉంటుందని నా దృఢమైన అభిప్రాయం.

ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో వాతకంటకమనే వ్యాధి వర్ణింపబడింది. పాదాన్ని విషమంగా మోపడం వల్ల వాతం ప్రకోపించి, చీలమండను ఆశ్రయించి బాధిస్తుందని అక్కడి భావం. ఆనెకాయను అదే గ్రంథం కదరమని పేర్కొని, రాళ్ళ రాపిడిని, ముళ్ళ గాయాన్ని కారణాలుగా చెప్పింది. అనగా మన ప్రాచీనులు పాదం నేలను తాకే తీరును కూడ పరిశీలించారు. మనం మాత్రం వారి తైలాన్ని స్వీకరించి, వారు చెప్పిన కారణాన్ని విడిచిపెట్టాము.

నేటి శరీరశాస్త్రమూ ఈ మాటనే బలపరుస్తున్నది. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. మడమ నుండి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలిలో ఉండే గట్టి పొర, వింటికి నారి వలె, పాదపు వంపును నిలిపి ఉంచుతుంది. నడిచేటప్పుడు పాదం లోపలి వైపునకు అతిగా వాలితే ఆ పొర అడుగడుగునా సాగి మడమ వద్ద నొప్పి పుట్టవచ్చు. ఉదయం పక్క దిగి వేసే తొలి అడుగుల్లో కలిగే పోటు దీని లక్షణమే. బరువు, రాపిడి పదే పదే ఒకే చోట పడితే అక్కడి చర్మం ఆత్మరక్షణ కోసం గట్టిపడుతుంది. ఆ ఒత్తిడి తొలగనంత కాలం ఆనెకాయను ఎన్నిసార్లు తీసినా మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది.

నడకలోని దోషాన్ని ఇంట్లోనే కొంత గుర్తించవచ్చు. మీ పాత చెప్పులను తిరగవేసి చూడండి. మడమ వెలుపలి అంచు కొద్దిగా అరగడం సహజం. లోపలి అంచు బాగా అరిగినా, ఒక చెప్పు రెండవదానికంటె ఎక్కువగా అరిగినా నడకను అనుమానించవలసిందే. తడిపాదంతో గచ్చుమీద అడుగు వేయండి. ముద్ర మధ్యలో సన్నబడకపోతే అది చదునుపాదం కావచ్చు. పసిపిల్లల్లో ఇది సహజం. నొప్పి లేనప్పుడు దిగులు పడనక్కరలేదు.

పలచబడిన హవాయి చెప్పులను విడిచి, మడమను పట్టి ఉంచేవి, మధ్యలో వంగనివి ధరించాలి. నున్నని రాతిగచ్చుపై గంటల తరబడి నిలబడే గృహిణులు ఇంట్లో వాడుకకు విడిగా ఒక జత ఉంచుకోవడం మేలు. ఇంట్లో చెప్పులేమిటని పెద్దలు ఆక్షేపించవచ్చు. కాని చరక సంహిత సూత్రస్థానం పాదాభ్యంగంతో పాటు పాదరక్షల ధారణను కూడ విధించింది. గోడకు చేతులు ఆనించి, ఒక కాలిని వెనుకకు చాచి, ఆ మడమ లేవకుండా 30 సెకండ్లు నిలిస్తే పిక్క సాగుతుంది. ఒక్కొక్క కాలికి 3 మార్లు, ఉదయం, సాయంత్రం చేయవచ్చు. రాత్రి నువ్వులనూనెతో మర్దన చేసుకొని, జారకుండా తుడుచుకోవాలి.

చక్కెరవ్యాధి ఉన్నవారికి ఒక హెచ్చరిక. పాదాల స్పర్శ తగ్గినవారు కాపడము, బ్లేడు, ఆమ్లం ఉండే ఆనెకాయ పట్టీ ఈ మూటినీ వర్జించాలి. వేడి తెలియక లేచిన బొబ్బ పుండై, వేలినో కాలినో తొలగించవలసిన స్థితికి దారితీయవచ్చు. ప్రతిరోజూ అరికాళ్ళను చూసుకోవడమే వారికి మొదటి చికిత్స. ఎవరికైనా నడక హఠాత్తుగా మారినా, ఒక కాలు ఈడ్చుకుపోతున్నా అది పక్షవాతం కావచ్చు. తైలాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తైలమర్దనను నేను కాదనడం లేదు. అది నొప్పిని తగ్గించగలదేమో గాని నడకను దిద్దలేదు. కనుక ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు పాదాన్ని మాత్రమే చూపి ఊరుకోకండి. పది అడుగులు నడిచి చూపండి. మీ పాత చెప్పులను కూడ వెంట తీసుకువెళ్ళండి.