వర్తకనౌకల తుపాకులు – జాలరుల ప్రాణములు

శ్రీహరికోట దీవికి పడమట పులికాటు సరస్సు, తూర్పున బంగాళాఖాతము. ఉత్తరమున కృష్ణపట్నపు రేవునకును, దక్షిణమున ఎన్నూరు, చెన్నపట్టణపు రేవులకును రాకపోకలు సలుపు పెద్దయోడలు ఆ కడలిమీదనే సాగుచుండును. ఆ నీటిలోనే మన జాలరి చిన్న పడవపై వల విసరి బ్రతుకుచున్నాడు. ఓడపై తుపాకి పట్టిన కావలివాడు నిలువవచ్చునా యను ప్రశ్న న్యాయవాదుల వాక్కలహము కాదు. ఆ జాలరి ప్రాణసమస్య.

ఓడదొంగల భయము కల్ల కాదు. 2008 మొదలు కొన్నేండ్లపాటు సోమాలియా దొంగలు పెక్కు నౌకలను పట్టి నావికులను నెలల తరబడి బంధించిరి. మహాసముద్రమున నౌకను శాసించునది అది యెత్తిన పతాకము గల దేశపు చట్టమే. మన ప్రభుత్వము 2011లో భారతనౌకలపై సాయుధరక్షకుల నుంచుటకు నిబంధనలను ప్రకటించినది. ఆత్మరక్షణకై ఆయుధము నుంచుకొనుట స్వతః నేరము కాదు. దొంగను పట్టి బంధించు అధికారము మాత్రము యుద్ధనౌకలకును, ప్రభుత్వనియుక్తులకునే కలదు, వర్తకునికి లేదు.

తీరమునుండి 12 సముద్రపు మైళ్లలోపల మన శాసనమే చెల్లును. 2013 అక్టోబరులో తూత్తుకుడి చెంత 'సీమన్ గార్డ్ ఒహాయో' యను కావలియోడను పట్టి, అందలి 35 మందిని ఆయుధనేరముపై విచారించిరి. 2016లో క్రింది న్యాయస్థానము ఐదేండ్ల శిక్ష విధించెను. 2017లో మద్రాసు ఉన్నతన్యాయస్థానము వారిని విడిచిపెట్టెను. నియమము ముందుగా తేటపడనిచో ఇట్టి చిక్కులు తప్పవు.

అంతకంటె ఘోరము కేరళతీరమున జరిగినది. 2012 ఫిబ్రవరి 15న 'ఎన్రికా లెక్సీ' యను ఇటలీ చమురునౌకపై కావలియున్న ఆ దేశపు నౌకాసైనికులు దొంగలను భ్రమతో ఇద్దరు జాలరులను కాల్చిచంపిరి. వారిని విచారించు అధికారము భారతదేశమునకు లేదని 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల సభ తీర్పు చెప్పెను. పది కోట్ల రూపాయల పరిహారముతో 2021లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారమును ముగించెను. ధనము ముట్టినది, న్యాయవిచారణ జరుగలేదు.

కావున మేము కోరునది యిది: మన జలములలో ప్రవేశించు ప్రతి నౌకయు తన ఆయుధముల లెక్క ముందే తెలుపవలెను, వానిని తాళమువేసి ముద్రించి యుంచవలెను, జాలరుల పడవలకు దూరముగా సాగవలెను, కాల్చినవాడు, ఏ దేశస్థుడైనను, సమాధానము చెప్పవలెను.

1244లో కాకతి గణపతిదేవుడు ఈ తూర్పుతీరముననే మోటుపల్లిలో అభయశాసనము వేయించి, తుపానుపాలైన ఓడల సరకు నపహరింపక నియతసుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చెను. ఆనాడు వర్తకునికి దొరకిన యభయము నేడు జాలరికి దొరకవలదా?