గుట్టదారిపై మోటారుకు ఒక పూట సెలవు

హనుమకొండ అన్న పేరులోనే కొండ ఉన్నది. మన త్రినగరమున వినిపించు పేర్లు చూచినను అంతే: నక్కలగుట్ట, మెట్టుగుట్ట, గోవిందరాజుల గుట్ట, పద్మాక్షి గుట్ట. నక్కలు ఏనాడో పోయినవి. గుట్టలలో కొన్ని దుకాణముల వెనుక దాగినవి. అయినను ఈ ఊరు చదునైనది కాదని సైకిలుపై కళాశాలకు వచ్చు విద్యార్థికి ఎవరును చెప్పనక్కరలేదు. మోటారు సైకిలుపై పోవువారు గమనింపని ఎత్తు అతని మోకాళ్లకు తెలియును.

మేము ఒక చిన్న కోరికను కళాశాల కమిటీ ముందును, తోటి విద్యార్థుల ముందును ఉంచదలచినాము. నెలకు ఒక్క ఆదివారము, తెల్లవారి 5 గంటల నుండి 8 గంటల వరకు, మన ఊరి ఎగుడు దారులలో ఒక్కదానిని మోటారు వాహనములకు మూసి, సైకిలుకును నడకకును విడువవలెను. మా కోరిక ఇంతే. ఇందుకు కొత్త రోడ్డు వేయనక్కరలేదు. ఉన్న రోడ్డుకు రెండు కొసలయందు రెండు అడ్డుకర్రలు, వాటి వద్ద నిలుచుటకు నలుగురు బాధ్యత తెలిసినవారు ఉన్న చాలును.

"దారిని మూయుట ఎక్కడి న్యాయము?" అని కొందరు అడుగుదురు. కాని మన ప్రాంతమున దారులు మూయని సంవత్సరమున్నదా? సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుట్ట పాదమున ఇసుక వేసిన రాలని జనము. ఆ సాయంత్రము అటు కారు పోవలెనని ఎవరును పట్టుపట్టరు. కాజీపేట దర్గా ఉర్సు రోజులలోను అంతే. ఇక రెండేండ్లకొకసారి జరుగు మేడారము జాతరను చూడుడు. ఆర్టీసీ బస్సులు తాడ్వాయి మీదుగా, సొంత వాహనములు పస్రా మీదుగా పోవలెనని ముందే దారులు పంచిపెట్టుదురు. లక్షల జనము అడవిదారిలో ఆ ఏర్పాటుకు లోబడి పోయి వచ్చుచున్నారు. ఇంతటి పని చేయగల అధికారులకు ఆదివారము ఉదయము మూడు గంటలు ఒక చిన్న దారిని కాచుట కష్టమని మేము నమ్మజాలము. పెద్దల కాన్వాయి వచ్చునప్పుడు దారి ఎంత త్వరగా ఖాళీ అగునో మనకందరకు తెలిసిన సంగతే కనుక దాని గూర్చి ఎక్కువ వ్రాయము.

మనుష్యులకే కాదు, మృగములకును దారి విడుచుట మన రాష్ట్రమున ఉన్నది. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రోడ్డు నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యము గుండా పోవును. మన్ననూరు వద్దను, దోమలపెంట వద్దను అటవీశాఖ గేట్లు ఉన్నవి. రాత్రి 9 గంటలకు అవి మూతపడును. ఉదయము 6 గంటలకు తెరుచుకొనును. ఆ తొమ్మిది గంటలు ఆ ఘాటు రోడ్డు పులిది, దుప్పిది, ఎలుగుబంటిది. తీర్థయాత్రకు బయలుదేరిన కుటుంబములు కూడ ఆ గేటు వేళను లెక్కించుకొని ప్రయాణము కట్టుకొందురు. దీనివలన శ్రీశైలమునకు యాత్రికులు తగ్గలేదు. ఆ రాత్రివేళ రోడ్డును సైకిళ్లకు ఇమ్మని మేము అడుగము. అది అడవి ప్రాణుల వంతు. పులికి వంతు ఉన్నప్పుడు సైకిలు తొక్కు విద్యార్థికి వంతు ఏల ఉండరాదని మాత్రమే మా ప్రశ్న.

అయినచో సమతలపు రోడ్డు చాలదా, గుట్టదారియే ఎందుకు? ఇచ్చట కొంత లెక్క చెప్పక తప్పదు. 100 మీటర్ల దూరమునకు 6 మీటర్లు లేచు దారిని తీసుకొందము. ఘాటు రోడ్లలో ఇది సామాన్యమైన ఎక్కుడు. సైకిలు, మనిషి కలిసి 80 కిలోలు అనుకొన్నచో, ప్రతి 100 మీటర్లకు ఆ 80 కిలోలను రెండంతస్తుల మేడపైకి ఎత్తినట్లు. చదునులో గంటకు 15 కిలోమీటర్లు పోవు విద్యార్థి ఇచ్చట 7, 8 కంటె మించలేడు. గేర్లు లేని మన మామూలు సైకిలైనచో సీటుపై నుండి లేచి నిలువుగా తొక్కవలసినదే. వేగము తగ్గిన సైకిలు తిన్నగా పోదు. ముందు చక్రము కుడి యెడమలకు ఊగును. అనగా ఎక్కుడులో సైకిలుకు మామూలుకంటె ఎక్కువ వెడల్పు కావలెను. సరిగ్గా అదే చోట వెనుక నుండి వచ్చు లారీ కూడ తక్కువ గేరులో మూలుగుచు, అత్యధికముగా పొగ వదలుచు వచ్చును. అతి ఎక్కువ గాలి పీల్చవలసిన చోటనే అతి చెడ్డ గాలి ఉండును. దిగునప్పుడు కథ మారును. కాలు కదపకున్నను సైకిలు గంటకు 40 కిలోమీటర్ల వేగమును అందుకొనును. కడ్డీ బ్రేకుల రబ్బరు తడిసినచో పట్టు తప్పును. మలుపు అవతల ఎదురుగా ఏది వచ్చుచున్నదో కనబడదు. సైకిలును, మోటారును ఒకే దారిపై కలుపుట ఎచ్చటనైనను చిక్కే కాని, గుట్టపై అది చాల ప్రమాదము. కావున మూయదగినది ఒక్క దారియే అయినచో అది గుట్టదారి కావలెనని మా అభిప్రాయము.

ఇతర దేశములలో ఈ సంగతి గ్రహించిన చోట్లు కలవు. ఇటలీ ఉత్తరపు కొసన స్టెల్వియో అను కనుమ ఉన్నది. ఎత్తు 2,757 మీటర్లు. ఆస్ట్రియా ఏలుబడిలో 1820 నుండి 1825 వరకు కార్లో దొనెగాని అను ఇంజనీరు ఆ దారిని వేయించెను. ఒక వైపున 48 మెలికలు. ఏటా వేసవి చివర ఒకనాడు ఆ దారిని మోటార్లకు మూసి సైకిళ్లకు విడుతురు. వేలాది మంది, వారిలో ముసలివారు, పిల్లలు సైతము, తమ తమ ఓపిక కొలది తొక్కుకొనుచు పైకి పోవుదురు. అమెరికాలో మోంటానా రాష్ట్రమున గ్లేసియర్ నేషనల్ పార్కు గుండా పోవు కొండదారి 1933లో ప్రారంభమైనది. దాని శిఖరము లోగన్ కనుమ, 6,646 అడుగులు. శీతకాలమున అది మంచులో పూడిపోవును. వసంతమున యంత్రములతో మంచు తొలగించు వారములలో కార్లను రానీయరు. కాని గేటు ప్రక్క నుండి సైకిలు త్రోసుకొని పోవువారిని, పని జరుగుచున్న హద్దు వరకు పోనిత్తురు. అచ్చట మూసివేత సైకిళ్ల కొరకు జరిగినది కాదు; మంచు కొరకు జరిగినది. అయినను ఆ కొన్ని వారముల కొరకు సంవత్సరమంతయు ఎదురుచూచువారున్నారు. కొలంబియా రాజధాని బొగొటాలో 1974 నుండి ఆదివారము ప్రధాన వీధులనే సైకిళ్లకు విడుచుచున్నారు. ఈనాడు ఆ వీధుల పొడవు దాదాపు 120 కిలోమీటర్లు.

"అవి ధనిక దేశముల వినోదములు" అనువారికి బొగొటాయే జవాబు. అంతకంటె దగ్గరి జవాబు మన మహారాష్ట్రలోని మాథేరాన్. ఆ కొండ ఊరిలోనికి మోటారు కార్లను రానీయరు. దస్తూరీ నాకా వద్ద దిగి నడువవలసినదే. అయితే మాథేరాన్ మరియొక పాఠము కూడ నేర్పినది. కార్లు లేని ఆ ఊరిలో నడువలేనివారిని, నడువ ఇష్టపడనివారిని రిక్షాలలో కూర్చుండబెట్టి మనుష్యులు లాగుచుండిరి. 2025 ఆగస్టులో సుప్రీము కోర్టు ఆ మనుష్యులు లాగు రిక్షాలను ఆరు నెలలలో మాన్పింపవలెనని ఆదేశించినది. దారిని మూయుదమనువారు దీనిని మరువరాదు. మోటారును ఆపి ఆ బరువును ఒక పేదవాని భుజములపై వేయుట మాకు సమ్మతము కాదు. మేము అడుగునది ఎవరి బరువును వారే మోసుకొను మూడు గంటలు మాత్రమే.

ఇక బలమైన అభ్యంతరమునకు వత్తుము. మన విద్యార్థులలో ఆటో నడుపువారి బిడ్డలు, తోపుడుబండి వ్యాపారుల బిడ్డలు తక్కువ లేరు. దారి మూసిన పూట వారి ఇంట కూలి తగ్గునేమో? ఇది న్యాయమైన మాట. అందుకే తెల్లవారు జామును, అందులోను ఆదివారమును కోరుచున్నాము. ఆ వేళ బడులు, కచేరీలు ఉండవు. రైలు స్టేషనుకు, బస్‌స్టాండుకు, ఆసుపత్రికి పోవు దారిని ఎంచుకొనరాదు. అంబులెన్సుకును, అగ్నిమాపక బండికిని అడ్డుకర్ర ఎప్పుడును లేవవలెను. తోపుడుబండిపై చాయ్, ఇడ్లీ అమ్మువారికి మాత్రము ఆ పూట గిరాకీ పెరుగునే కాని తగ్గదు. హైదరాబాదు ట్యాంక్‌బండుపై 2021 ఆగస్టు 29 నుండి ఆదివారము సాయంత్రములు వాహనములను ఆపి జనమునకు విడిచినప్పుడు అచ్చట తినుబండారముల వద్ద కనబడిన సందడి అందరు ఎరిగినదే.

దారిని ఎంచుకొనుటలో ఒక సూత్రము పాటింపవలెను. ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవు దారి వేరు, పైకి పోయి అచ్చటనే ఆగిపోవు దారి వేరు. మొదటిదానిని మూసినచో ఎందరికో చిక్కు. రెండవదానిని మూసినచో పైన ఉన్నవారికి తప్ప ఎవరికిని ఇబ్బంది లేదు. మదనపల్లె దాపున హార్స్‌లీ కొండలకు ఎక్కు రోడ్డు వంటివి ఈ రెండవ జాతివి. మన వైపున పెద్ద ఘాటు రోడ్లు లేవు. ఉన్న కొండదారులు ఎక్కువగా గుడులకు పోవునవి. యాదగిరిగుట్టపై 2022 మార్చి 28న ఆలయము తిరిగి తెరచిన తరువాత కొంతకాలము సొంత కార్లను పైకి విడువక భక్తులను బస్సులలోనే చేరవేసిరి. అది భక్తుల సౌకర్యమునకు సంబంధించిన విషయము, అందు మేము జోక్యము చేసికొనము. గుడికి గాని దర్గాకు గాని పోవువారి త్రోవను మన ఆటకు అడుగుట మర్యాద కాదు. భద్రకాళి చెరువు పరిసరములలోను, పద్మాక్షి గుట్ట చుట్టుప్రక్కలను నాలుగైదు ఎగుడు దిగుడు వీధులున్నవి. అందు పూజావేళలకు అడ్డు రాని ఒక్క ముక్కను, అది ఒక కిలోమీటరే కానిండు, పోలీసు శాఖవారు, నగరపాలక సంస్థవారు చూచి చెప్పవలెను. కొత్తగా నేర్చుకొనువారికి ఒక కిలోమీటరు ఎక్కుడు తక్కువేమియు కాదు.

2020 మార్చి 22 నాటి జనతా కర్ఫ్యూ నుండి కొన్ని వారములు మన రోడ్లన్నియు ఖాళీగా ఉండెను. సుబేదారి నుండి చౌరస్తా వరకు పక్షుల కూతలు వినబడెను. అది భయము వలన వచ్చిన నిశ్శబ్దము. ఆ రోజులలోనే ఎందరో వలస కూలీలు పాత సైకిళ్లు కొనుక్కొని వందల కిలోమీటర్లు తొక్కి స్వగ్రామములకు పోయిరి. 2018లో ఐక్యరాజ్య సమితి జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించినది. 2020లో సరిగ్గా ఆ రోజుననే సాహిబాబాదులోని అట్లాస్ సైకిళ్ల కర్మాగారము పని ఆపివేసినది. ఒక తరము విద్యార్థులను కళాశాలలకు చేర్చిన బండి అది. ఈనాడు ఇంటర్మీడియేటు ముగియగానే అప్పు చేసియైనను మోటారు సైకిలు కొనవలెనను పట్టుదల కుర్రవారిలో కనబడుచున్నది. సైకిలు బీదరికపు గుర్తుగా మిగిలిపోయినది. ఆదివారము ఉదయము డాక్టరు గారి కుమారుడును, ఆటో డ్రైవరు గారి కుమారుడును ఒకే ఎక్కుడులో ఒకే విధముగా రొప్పుచు కనబడినచో ఆ గుర్తు కొంత చెరగునని మా ఆశ.

అన్నింటికంటె ముఖ్యముగా మేము చెప్పదలచినది మన విద్యార్థినుల విషయము. వారిలో సైకిలు తొక్కగలవారు ఎందరు? నేర్చుకొన కోరువారు చాలమంది. నేర్చుకొను చోటు లేదు. రద్దీ రోడ్డుపై వెనుక నుండి హారను మ్రోగును, మాటలు పడును, తల్లిదండ్రులకు భయము. ఓణీ కొంగు, బురఖా అంచు చైనులో చిక్కునన్న బెదురు వేరు. చైను పూర్తిగా కప్పు కవరు వేయించినచో ఆ బాధ తీరును, ఖర్చు స్వల్పము. మోటారు లేని మూడు గంటలలో తండ్రియో అన్నయో ప్రక్కన నడచుచుండగా ఆడపిల్ల నిర్భయముగా నేర్చుకొనగలదు. మా దృష్టిలో ఈ ఒక్క కారణము చాలును. తక్కినవన్నియు లేకపోయినను ఈ కోరిక కోరియే ఉందుము.

కొన్ని నియమములు మేమే ముందుగా ఒప్పుకొందుము. ఎక్కువారు ఎడమ అంచున, నడచువారు కుడి అంచున పోవలెను. దిగునప్పుడు పందెములు లేవు. డబుల్స్ లేదు. రెండు బ్రేకులును, గంటయు పనిచేయని సైకిలును అడ్డుకర్ర దాటనీయరాదు. మోటార్లు లేవు గదా అని కండ్లు మూసికొని దిగువారు నడచువారిపై పడుదురు. అట్టి ఒక్క ప్రమాదము జరిగినచో మరుసటి నెల దారి తెరువరు.

కళాశాల కమిటీ వారు చేయవలసినవి పెద్దవి కావు. పోలీసు కమిషనరు కార్యాలయమునకును, నగరపాలక సంస్థకును మన పేర ఒక విన్నపము తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి పంపవలెను. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులను అడ్డుకర్రల వద్ద నిలుచుటకు నియమింపవలెను. సైకిలు లేని విద్యార్థినుల కొరకు చైను కవరుతో కూడిన పాత సైకిళ్లు ఆరు కొని కళాశాలలో ఉంచవలెను. సైకిలు స్టాండు వద్ద ఒక గాలి పంపును, పంక్చరు సామాను పెట్టెను ఏర్పాటు చేయవలెను. విన్నపమునకు జవాబు వచ్చుటకు ఎంత కాలము పట్టునో గాని, గాలి పంపు మాత్రము వచ్చే వారమే పెట్టవచ్చును.