అడుగున గడ్డకట్టిన రంగుకి ఏ డ్రిల్లు?

మన సత్తెనపల్లి వైపు కూడా డాబాల మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేసేవాళ్లు ఎక్కువయ్యారు. రెంటచింతల ఎండల సంగతి మనకు ఒకరు చెప్పాలా, వేసుకోవటం మంచిదే. కానీ ఆ 20 లీటర్ల బకెట్ కలిపే పనిని ఎవరూ లెక్కచేయట్లేదు.

నెలల తరబడి షాపులో ఉన్న బకెట్ మూత తీస్తే పైన మజ్జిగ తేట, అడుగున జున్ను. బరువైన తెల్ల పొడి అంతా కిందే. పైపైన కలిపి పూస్తే నాలుగు వానలకే వెలిసిపోయిద్ది, తర్వాత కంపెనీని తిడతాం.

నా మాట ఏందంటే, డబ్బు పెట్టాల్సింది డ్రిల్లు మీదే. చెక్కకు బెజ్జాలు కొట్టే 10 ఎం.ఎం. చిన్న డ్రిల్లుకి వేగం ఉంటది గానీ బలం ఉండదు. స్పీడు తగ్గించి తిప్పితే లోపలి ఫ్యాను కూడా నెమ్మదించి కాయిల్ వాసనొచ్చిద్ది. జోరుగా తిప్పితే నురుగు, ఆ బుడగలే డాబా మీద సన్న బెజ్జాలవుతయ్. గడ్డ రంగుకి నిమిషానికి 600 చుట్ల లోపు తిరిగే, గేరు బలమున్న 13 ఎం.ఎం. చక్ మిషనే సరి. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరుని లో గేరులో ఎందుకేస్తాం, ఇదీ అంతే. పక్క హ్యాండిల్ లేనిదైతే ఊరికే ఇచ్చినా వద్దు. గడ్డకు తగులుకుంటే మణికట్టు తిరిగిపోయిద్ది.

తిప్పే కడ్డీల్లో రెండు రకాలు. గుంతలు తీసే ఆగర్ మట్టిని పైకి తెచ్చినట్టు అడుగుది పైకి లేపేది ఒకటి, పైది కిందకి నెట్టేది ఇంకోటి. రెండోది పల్చని రంగుకి, చిమ్మదు. మనకు కావాల్సింది మొదటిది. దాని రెక్కల వెడల్పు బకెట్ వెడల్పులో మూడో వంతు ఉంటే చాలు.

ఏ మిషనైనా ముందు పైతేట సగం వేరే బకెట్‌లో వంచి, అడుగుని తాపీతో గీకి వదులు చేయండి. తర్వాత ఆ తేటని కొంచెం కొంచెం పోస్తా తిప్పండి. కడ్డీ రంగులో మునిగాకే స్విచ్ నొక్కాలి, ఆగాకే పైకి తీయాలి. లేదంటే గోడకీ మనకీ కూడా రంగే.

పిడుగురాళ్ల సున్నం తిప్పటానికీ ఇదే పనికొచ్చిద్ది, కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి, సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. బత్తాయి, నిమ్మ మొదళ్లకి బోర్డో పేస్టు (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు) కలిపేవాళ్లు ఈ ఇనప కడ్డీ పెట్టొద్దు. మైలుతుత్తం ఇనుముని తింటది. మందులో చాకు ముంచి ఎర్రగా రాగి పట్టిందా అని చూసేది అందుకే కదా. దానికి కర్రే మేలు.

ఏడాదికోసారి వాడేదానికి ఇంటికొక మిషను దండగ. నలుగురు కలిసి కొనండి, లేదంటే టైల్స్ మేస్త్రీని రోజు అద్దెకు అడగండి. కడ్డీ మాత్రం సొంతంగా ఉంచుకుని, రంగు ఎండకముందే కడిగి పెట్టుకోండి.