పదకొండు మంది ఖాందాన్, ఐదు సీట్ల బండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మన జనాభా తక్కువ. అందుకే రిష్తాలన్నీ దూరం. ఖాలా బరంపురంలో ఉంటుంది, ఫుప్పు విశాఖలో, చాచా పార్వతీపురంలో. నికా అయినా, అఖీఖా అయినా, విజయనగరం ఖాదర్ బాబా ఉర్సు అయినా గంటల తరబడి సఫర్ తప్పదు. ఇంట్లో ఉండేదేమో ఐదు సీట్ల ఈకో, లేదంటే పాత ఓమ్నీ. బయల్దేరేది పదకొండు మంది. వెనక డిక్కీలో ఒక బెంచీ వేయించేద్దామన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

బెంచీ వేయించడం కష్టం కాదు. ఇనప పైపులు, ప్లైవుడ్ చెక్క, పైన రెక్సిన్ దిండు. ఒక పూటలో పని అయిపోతుంది. "ఏనుగెక్కినా కదలదు సాయిబు గారూ" అని వెల్డర్ తసల్లీ ఇస్తాడు. అతని మాట అబద్ధం కాదు. ఏనుగు బరువు కిందకి పడుతుంది. లారీని గుద్దినప్పుడు పడే బరువు ముందుకి లాగుతుంది. బెంచీని బిగించిన పల్చటి రేకు ఆ లాగుడుకు చిరిగిపోతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దడమంటే సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టే. ఆ క్షణంలో పది కిలోల బచ్చా లాగుడు రెండు వందల కిలోలు దాటుతుంది. "నా ఒడిలోనే ఉన్నాడుగా" అనే అమ్మీజాన్ మొహబ్బత్‌ని ఎవరు కాదంటారు? కానీ రెండు వందల కిలోలను పట్టుకునే చేతులు ఈ దునియాలో ఎవరికీ లేవు.

కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, ఆ బెంచీకి బెల్టులు కూడా వేయిస్తారు. నీయత్ మంచిదే. నాకు మాత్రం ఉత్త బెంచీ కన్నా ఇదే ఎక్కువ భయం. కార్ల కంపెనీలు బెల్టు బిగింపులను పరీక్షించేటప్పుడు ఒక్కో మనిషి సీటు దగ్గర నడుము పట్టీని, భుజం పట్టీని ఒకేసారి దాదాపు 1,350 కిలోల చొప్పున లాగి చూస్తాయి. సీటు, దాని బోల్టులు, కింద ఫ్లోరు, బెల్టు కొక్కెం, అన్నీ కలిసి ఒకే గొలుసు. అందులో ఒక్క లంకె రేకుకి కొట్టిన స్క్రూ అయితే మిగతావి ఎంత గట్టివైనా బేకార్. పైగా బెల్టు ఉంది కదా అని బేఫికర్‌గా ఇంకాస్త స్పీడు పెంచుతాం.

ఎదురెదురుగా వేసే పక్క బెంచీలది మరో ముసీబత్. మన ఒళ్లు ముందుకో వెనక్కో వచ్చే దెబ్బను కొంత తట్టుకుంటుంది. పక్కకి విరిగే దెబ్బకి మెడా వెన్నూ నిలవవు. సీఎన్‌జీ బండిలో వెనక సిలిండర్ మీద చెక్క వేసి పిల్లల్ని కూర్చోబెట్టడం గురించైతే రాయడానికే చేయి రావడం లేదు. వెనక నుంచి వచ్చే దెబ్బకి మొదట నలిగేది ఆ చోటే.

కానూన్ సంగతీ చూద్దాం. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ అసలు తయారీకి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, ఇజాజత్ లేకుండా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పెట్టారు. పద్నాలుగేళ్లలోపు బచ్చేకి బెల్టు లేకపోతే మరో వెయ్యి.

జరిమానా కట్టేసి మరచిపోవచ్చు. ఇన్సూరెన్స్ అలా కాదు. హిమాచల్‌లో 42 మందికి అనుమతి ఉన్న బస్సు 90 మందితో లోయలో పడింది. ఆ కేసులో 2007లో సుప్రీంకోర్టు తీర్పు ఏమిటంటే, కంపెనీ బాధ్యత 42 మంది పరిహారం వరకే. ఆ డబ్బును అందరికీ దామాషాలో పంచాలి, మిగతాది ఓనరు నుంచి రాబట్టుకోవాలి. అంటే అదనంగా ఎక్కినవాళ్ల వల్ల సీటున్నవాడి హక్‌లో కూడా కోత పడింది. మన ఖాందాన్‌లో ఓనరంటే ఎవరు? అబ్బానో, భాయిజానో. వితంతువైన చెల్లి సొంత అన్న మీద దావా వేయాల్సిన రోజు ఏ ఇంటికీ రాకూడదు.

మరి పదకొండు మంది ఎలా వెళ్లాలి? బండి ఇంకా కొనకపోతే, కంపెనీయే ఎక్కువ సీట్లు, ప్రతి సీటుకూ బెల్టు పెట్టి ఇచ్చే మోడల్ చూడండి. సెకండ్‌హ్యాండ్ అయితే ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్యా, లోపలున్న సీట్ల సంఖ్యా ఒకటేనా అని లెక్కపెట్టండి. ఉన్న బండికే సీటు కావాలంటే ముందు ఆ మోడల్‌కి ఆ చోట కంపెనీ సీటు ఉందా అని డీలర్ని అడగాలి. ఉంటే మొదట ఆర్టీవో ఇజాజత్, తర్వాత పని, ఆ తర్వాత ఆర్సీలో నమోదు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఖబర్. లేదంటే ఆ ఆలోచన మానేయండి. దావత్‌లో ఒక దేగ్ బిర్యానీ తగ్గితే రెండో బండి కిరాయి వస్తుంది. ఈ మాటకి నా మీద ఎంతమందికి కోపం వస్తుందో నాకు తెలుసు, అయినా రాస్తున్నా.

ఇక ఉన్న బెల్టులు. సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర చనిపోయింది మెర్సిడెస్ కారులో. వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. మన బండ్లలో డ్యాష్‌బోర్డు మీద సఫర్ దువా స్టిక్కర్ మెరుస్తుంటుంది, బెల్టు మాత్రం సీటు వెనక మడిచి ఉంటుంది. ఆడవాళ్లకు ఒక మాట: బుర్ఖా మడతలు సర్దుకుని, నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనేలా పెట్టుకోండి. గర్భిణులైతే కడుపు కిందుగా.

పెళ్లికి బండి మాట్లాడేటప్పుడు కిరాయి ఒక్కటే బేరమాడకుండా, వెనక తలుపు తీసి బెల్టులు లాగి చూడండి. కొత్త కవర్లు కుట్టించినప్పుడు బకిల్స్ వాటి కిందకి పోయి ఉంటాయి. డ్రైవర్ "లేవు" అంటే సీటు సందులో చేయి పెట్టి వెతకండి. చాలాసార్లు బ్లేడుతో రెండు కుట్లు విప్పితే పైకొస్తాయి.