తప్పు బిళ్ళా, వేరే రకమా?

ఇంగ్లీషు మీడియంలో చదివి, అరవై దాటాక తెలుగు రాయడం మొదలుపెట్టినవాణ్ణి. "ఇది తప్పు" అనే మాట నాకు రోజూ వినిపిస్తుంది. మొన్న "నాణాలు" అని రాస్తే మా అక్కయ్య ఫోనులో "నాణేలు అనాలిరా" అంది. పక్కనుంచి బావగారు "మా వైపు నాణాలనే అంటాం" అన్నారు. మరి నాది తప్పా, లేక అదొక రకమా? అసలు నాణేల విషయంలోనూ ఇదే ప్రశ్న ఉంది.

జెద్దాలో గుడి లేదు. నా గుడి సేవంతా సెలవుల్లో కాకినాడ దగ్గర మా ఊళ్ళోనే. హుండీ తెరిచిన రోజు చిల్లర లెక్కపెట్టే పని నాకిస్తారు. 2017లో పది రూపాయల బిళ్ళలు లెక్కపెడుతుంటే కొన్నిటి మీద పది గీతలు, కొన్నిటి మీద పదిహేను గీతలు కనిపించాయి. పదిహేను గీతలవి దొంగవని అప్పట్లో ఊరంతా అనుకునేవారు. నేను వాటిని విడిగా పోసి "ఇవి చెల్లవు" అన్నాను. గుడి ముందు పూలమ్మే మామ్మగారు అది విన్నారు. కొంగు ముడి విప్పి నాలుగు బిళ్ళలు చూపించి, "అయితే ఇవి కూడా పోయినట్టేనా బాబూ?" అని అడిగారు. చదువుకున్నవాణ్ణి కదా, అవునన్నాను.

2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది: పది రూపాయల బిళ్ళలు అప్పటికి 14 డిజైన్లలో వచ్చాయి, అన్నీ చెల్లుతాయి. పదిహేను గీతలది రూపాయి గుర్తు లేని పాత డిజైను. పది గీతలది 2011లో గుర్తు చేరాక వచ్చింది. అంతే తేడా. తరవాతి సెలవులో మామ్మగారికి ఈ సంగతి చెప్పాను. అప్పటికే ఆవిడ ఆ నాలుగు బిళ్ళలనూ ఎవరికో ఇరవై రూపాయలకి ఇచ్చేశారు.

అందుకే ఇప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. టంకశాల కావాలని అలా చేసిందా? అయితే అది రకం. టంకశాలలోనే పొరపాటు జరిగిందా? అయితే అది అసలైన తప్పు. బొమ్మ పక్కకి జరిగి సగం ఖాళీగా ఉన్న బిళ్ళ, కాగితం మడతపడి కొంత అచ్చు పడని నోటు ఇలాంటివే. సేకరించేవాళ్ళు వెతికేది వీటి కోసమే. బయటికి వచ్చాక అరిగిందా, ఎవరైనా సుత్తితో కొట్టారా? అయితే అది దెబ్బతిన్న బిళ్ళ, అంతకుమించి ఏమీ కాదు.

సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాల గుర్తు. ముంబైది డైమండు ఆకారం, నోయిడాది చుక్క. కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు. నోటు నంబరులో ఉండే నక్షత్రం వేరు. అచ్చులో పాడైన నోటు బదులు పెట్టిన నోటు మీద 2006 నుంచి అలా వేస్తున్నారు. అదీ చెల్లుతుంది.

మన జెద్దాకి సంబంధించిన రకం ఇంకొకటి ఉంది. 1959లో రిజర్వు బ్యాంకు హజ్ యాత్రికుల కోసం 10, 100 రూపాయల ప్రత్యేక నోట్లు వేసింది. నంబరు ముందు "హెచ్ ఏ" అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, రంగు కూడా వేరు. తాతగారి పెట్టెలో అలాంటిది దొరికితే, రంగు చూసి దొంగ నోటనుకుని చింపేసేవాళ్ళు ఉంటారు. సౌదీ వైపు కథ కూడా ఇలాంటిదే. 1953లో ఇక్కడ యాత్రికుల కోసం పది రియాళ్ళ రసీదులు వేశారు. పేరుకి రసీదే అయినా జనం దాన్ని డబ్బుగా వాడుకున్నారు. అసలు నోట్లు 1961లో గానీ రాలేదు.

రెండో వైపు ప్రమాదం కూడా తక్కువేం కాదు. మామూలు నక్షత్రం బిళ్ళని "చాలా అరుదు, లక్షలు వస్తాయి, ముందు కమీషన్ కట్టండి" అనేవాళ్ళున్నారు. తన పేరు వాడుకుని ఇలా డబ్బు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇక్కడ పనిచేసుకునే మనవాళ్ళ ఫోన్లకి ఇలాంటి కబుర్లు వస్తూనే ఉంటాయి.

దొంగది అని తొందరపడి పారేయకండి, అరుదైనది అని తొందరపడి డబ్బు కట్టకండి. ముఖ్యంగా, తెలియనప్పుడు "తెలియదు" అనండి. నేను ఆ రోజు ఆ ఒక్క మాట అని ఉంటే మామ్మగారికి ఇరవై రూపాయలు మిగిలేవి.

నా తెలుగులో తప్పులుంటే దయచేసి చెప్పండి. కాకపోతే ముందు ఒక్కసారి చూడండి, అది తప్పా, లేక మా వైపు మాటా అని.