బొమ్మ వెనుక అడవి

జపాను బొమ్మల కథలను మాంగా అంటారు. వాటిలో షిగేరు మిజుకీ (1922–2015) గీసినవి చూడండి. మనుషులు నాలుగు గీతల్లో తేలిపోతారు. వెనుకనున్న చెట్టు మాత్రం ఆకు ఆకునా, చుక్క చుక్కనా నిలబడుతుంది. కథానాయకుడి కంటె చెట్టు ఎక్కువా అనిపిస్తుంది గదా!

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన న్యూ బ్రిటన్ దీవిలో సిపాయి. బాంబుదాడిలో ఎడమచేయి పోయింది. 1973లో ఆ దీవి కథే గీశారు. సిపాయిలవి నవ్వు పుట్టించే ముఖాలు; అడవీ, సముద్రమూ అచ్చంగా నిజమైనవి. చివరి పుటల్లో శవాలను కూడా ఆ అడవి అంత నిజంగానే గీశారు. అడవిని ముందే నమ్మాం కనుక ఆ చావునూ నమ్మక తప్పదు.

మీ పిల్లలు బొమ్మల కథ తెరిస్తే, ముఖాల వెనుక ఏముందో కూడా చూడమనండి.