మీటరు తప్పు కాదు, డ్రైవరు తప్పూ కాదు

కొంచెం పొడుగు రాత, ఓపికగా చదవండి.

మన ఓమ్ని బండి స్పీడు ముల్లు మూడు నెలలుగా సున్నా మీదే పడుకుంది. పోయిన నెల హోసూరు నుంచి బెంగళూరు పోయే దారిలో ఎక్కువ వేగానికి ఫైను పడింది. బుధవారం కమిటీ రెండు తీర్మానాలు చేసింది. పాత సామాన్ల అంగట్లో ఇంకో మీటరు కొనాలంట. ఫైను డ్రైవరు జీతంలో పట్టుకోవాలంట. ఈ రెండిటికీ నేను ఒప్పుకోను.

మొదట మీటరు సంగతి. మెకానిక్ బండి దగ్గరికే రాలేదు. ఫోనులోనే "మీటరు పోయుంటుంది సార్, మార్చేయండి" అన్నాడంట, మనం తల ఊపేశాం. మన బండిలాంటి పాతవాటిలో ముల్లు లేవడానికి కరెంటుతో పని లేదు. గేర్‌బాక్సులోని చిన్న పళ్లచక్రం ఒక కేబుల్‌ను తిప్పుతుంది. అది మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ లాగుడికి పక్కనున్న అల్యూమినియం గిన్నె కొంచెం తిరిగి ముల్లును లేపుతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. కిలోమీటర్ల అంకెలు తిరిగేదీ అదే కేబుల్‌తోనే. కాబట్టి మొదట అడగాల్సింది ఒక్కటే: ముల్లుతో పాటు అంకెలు కూడా ఆగాయా? అంకెలు తిరుగుతూ ముల్లు లేవకుంటే తప్పు మీటరులో. రెండూ ఆగితే అనుమానం ముందు కేబుల్ మీద, తర్వాత గేర్‌బాక్సు చక్రం మీద. మన బండిలో రెండూ ఆగాయి. ఆ రోజు మీటింగులో ఇది ఒక్కరైనా అడిగారా?

ఆదివారం నేనూ డ్రైవరూ విప్పి చూశాం. మీటరు వెనక కేబుల్ ఊడదీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని తోయించాం. లోపలి తీగ కదల్లేదు. పట్టి లాగితే సగమే చేతికొచ్చింది. తెగిన చోట గ్రీజు చుక్క లేదు, ఎర్రగా తుప్పు. ఆ ముక్కనే మీటరులో పెట్టి వేళ్లతో గిర్రున తిప్పితే ముల్లు లేచింది. అంటే మనం బాగున్న మీటరు తీసేసి, ఊరూ పేరూ తెలియని బండిది తెచ్చి పెట్టబోయాం!

ఆ మీటరు ఆ బండి కిలోమీటర్లతోనే వస్తుంది. మన పుస్తకంలో ఆయిలు మార్చింది, టైమింగ్ బెల్టు వేసింది అన్నీ కిలోమీటర్ల లెక్కే. ఆ లెక్కంతా ఏమవుతుంది? రేపు బండి అమ్మితే కొనేవాడికి ఏ అంకె చూపిస్తాం?

ఇక డ్రైవరు. ఇలాంటి తీగ ఉన్నపళంగా తెగలేదు. ఎండిపోయిన కేబుల్ ముందు ముల్లును వణికిస్తుంది, కరకరమంటుంది. ఈ రెండూ ఆయన ఉగాదికి ముందే బండి పుస్తకంలో రాశాడు. కింద కమిటీ సంతకం కూడా ఉంది, నేను చూశాను. అప్పుడే తీగ బయటికి తీసి తుడిచి గ్రీజు పూసుంటే అరగంట పని. "ముల్లు లేకుంటే బండి నడవదా ఏం?" అన్నది మనమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 117వది చూడండి, స్పీడోమీటరు ఉండాలనే అంటుంది.

ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి వేగం తెలియదా అని ఒక పెద్దాయన అడిగారు. తెలుస్తుందన్నా, ఊళ్లో సందుల్లో అయితే. వెడల్పు రోడ్డు మీద గంటసేపు నడిపాక చెవీ కన్నూ రెండూ మోసం చేస్తాయి. వెనక సీట్లో మన ముసలోళ్లను ఆసుపత్రికి తీసుకుపోతూ ఫోను చూసుకుంటూ నడపమంటారా?

శనివారం కొత్త కేబుల్ వేస్తున్నాం, ఖర్చు నాది. తర్వాత శూలగిరి వైపు పోయి చూస్తాం. ముల్లు 60 మీద నిలకడగా ఉంటే కిలోమీటరు రాయి నుంచి రాయికి ఒక నిమిషం పట్టాలి. 55 సెకన్లే పడితే ముల్లు తక్కువ చూపిస్తోందని లెక్క, అప్పుడు మీటరు విప్పే మాట ఆలోచిద్దాం.

ఫైను సంఘం ఖాతా నుంచే కట్టాలని తీర్మానం రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను. వచ్చే మీటింగుకు బండి పుస్తకం తెస్తాను. సంతకం చేసినవాళ్లు కూడా రండి.